సర్వర్‌లో ప్యాచ్ పడితే సగం పనే అయినట్టు

సంపాదకులకు నమస్కారం.

ఎక్కడ సైబర్ దాడి జరిగినా ఆ వార్త పక్కన మీరు జాగ్రత్తల బాక్సు ఒకటి వేస్తారు. తెలియని లింకులు నొక్కవద్దు, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పవద్దు, సాఫ్ట్‌వేర్‌ను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకోవాలి అని అందులో ఉంటుంది. పనికొచ్చే మాటలే. మా ఆఫీసులో దాన్ని కత్తిరించి నోటీసు బోర్డుకు పెట్టారు కూడా. అయితే ఆ మూడో సలహా సొంత కంప్యూటర్ ఉన్న మనిషికి సరిపోతుంది. ఒకే సాఫ్ట్‌వేర్‌ను సర్వర్‌లో ఒక చోట పెట్టి నెట్‌వర్క్ మీద అందరూ వాడుకునే ఆఫీసుల్లో, కాలేజీ ల్యాబుల్లో, ఆసుపత్రుల్లో, లైబ్రరీల్లో దాన్ని ఎవరు పాటించాలి? సీట్లో కూర్చుని పనిచేసే ఉద్యోగికి ఇన్‌స్టాల్ చేసే హక్కు ఉండదు, ఉండకూడదు కూడా. పై అధికారి అది తన పని అనుకోరు. ఇక మిగిలేది నాలాంటి సిస్టమ్స్ చూసేవాళ్లం. మాకు ఆ పనికి సమయం ఇవ్వాలన్న ఆలోచన ఎవరికీ రాదు.

చాలా ఏళ్లుగా ఒక సంస్థలో ఈ పనే చేస్తున్నాను కాబట్టి నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను. సర్వర్‌లో ఉన్న కాపీకి ప్యాచ్, అంటే లోపాన్ని సరిచేసే చిన్న అప్‌డేట్, వేయడంతో అప్‌డేట్ పూర్తి కాదు. ఆ సర్వర్ మీద ఆధారపడిన చివరి కంప్యూటర్ దాకా అది చేరాలి. చేరిందని ఒకరు చూసి నిర్ధారించుకోవాలి. ఈ రెండో సగానికి గంటల కొద్దీ సమయం పడుతుంది. ఆ గంటలు ఇవ్వాల్సింది యాజమాన్యాలు. మీ పత్రిక ఈ మాట యాజమాన్యాల చెవిన వేయాలని నా కోరిక.

ముందు ఈ ఏర్పాటు ఎలా ఉంటుందో చెప్పాలి. కొన్ని చోట్ల ప్రోగ్రామ్ మొత్తం సర్వర్‌లోని షేర్ ఫోల్డర్‌లోనే ఉంటుంది. ఉద్యోగి డెస్క్‌టాప్ మీద ఉండేది షార్ట్‌కట్ మాత్రమే. నొక్కితే ప్రోగ్రామ్ సర్వర్ నుంచి వచ్చి నడుస్తుంది. పాత అకౌంటింగ్ ప్యాకేజీలు, లైబ్రరీ ప్రోగ్రాములు చాలావరకు ఇలాగే ఉంటాయి. ఇంకొన్ని చోట్ల సర్వర్‌లో ఉండేది ఇన్‌స్టాలేషన్ సోర్స్, అంటే ఇన్‌స్టాల్ చేయడానికి కావలసిన ఫైళ్ల కట్ట. ప్రతి క్లయింట్ కంప్యూటర్, అంటే సర్వర్ మీద ఆధారపడిన ఉద్యోగి కంప్యూటర్, దాని నుంచి ఇన్‌స్టాల్ చేసుకుని, తర్వాత తన డిస్క్ మీదే నడుపుకుంటుంది. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2000, ఎక్స్‌పీ, 2003 వెర్షన్లను పెద్ద సంస్థలు ఈ పద్ధతిలోనే పెట్టుకునేవి. దాన్ని అడ్మినిస్ట్రేటివ్ ఇన్‌స్టాలేషన్ అనేవాళ్లు. సీడీ పట్టుకుని ప్రతి టేబుల్ దగ్గరికీ తిరగాల్సిన పని తప్పేది. విండోస్‌లో ప్రోగ్రాములను ఇన్‌స్టాల్ చేసే విండోస్ ఇన్‌స్టాలర్ మీద ఆధారపడిన రకరకాల సాఫ్ట్‌వేర్లను ఈ రోజుకీ ఇలాగే పెడుతున్నారు.

పై అధికారులకు అర్థం కానిది ఈ రెండో పద్ధతే. సర్వర్‌లోని సోర్స్‌కు ప్యాచ్ వేస్తే అక్కడి ఫైళ్లు, ఇన్‌స్టాలేషన్ ప్యాకేజీ మారతాయి. అంతకు ముందే ఇన్‌స్టాల్ అయి ఉన్న క్లయింట్లలో మాత్రం ఏమీ మారదు. వాటికి ఆ సంగతే తెలియదు. ట్యాంకు కడిగి కొత్త నీళ్లు పట్టినంత మాత్రాన ఇళ్లలో బిందెల్లో ఉన్న నిన్నటి నీళ్లు మారవు కదా. ప్రతి క్లయింట్‌కూ విడిగా చెప్పాలి: సోర్స్ మారింది, అక్కడి నుంచి కొత్త ప్యాకేజీ తెచ్చుకుని మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకో అని. దీనికి విండోస్ ఇన్‌స్టాలర్‌లో ఒక ఆదేశం ఉంది. అందులో వి, ఓ, ఎం, యు, ఎస్ అని ఐదు అక్షరాలు వరసగా ఇస్తాం. ఓ అంటే ఫైలు లేకపోయినా, పాతదైనా మార్చు అని. ఎం, యు విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీకి, ఎస్ షార్ట్‌కట్లకు. అన్నిటికన్నా ముఖ్యం వి. క్లయింట్ తన దగ్గర దాచుకున్న పాత ప్యాకేజీని పక్కన పెట్టి సర్వర్‌లోని కొత్త ప్యాకేజీని తెచ్చి దాచుకునేది ఆ అక్షరం వల్లే. అది ఇవ్వకపోతే క్లయింట్ తన పాత ప్యాకేజీనే పట్టుకుని ఉంటుంది.

సర్వర్‌ను కొత్తది చేసి క్లయింట్‌ను పాతదిగా వదిలేస్తే వెంటనే ఏమీ జరగదు. ఈ పనిలో ఉన్న పెద్ద ప్రమాదం అదే. ప్రోగ్రామ్ ఎప్పటిలాగే తెరుచుకుంటుంది, అందరూ పని చేసుకుంటూనే ఉంటారు. కొన్ని వారాల తర్వాత ఎవరో అంతకు ముందు వాడని ఫీచర్ ఒకటి నొక్కుతారు. లేదా ఒక ఫైలు పాడై ఇన్‌స్టాలర్ తనంతట తాను రిపేర్ మొదలుపెడుతుంది. అది సర్వర్ దగ్గరికి వెళ్లి తనకు తెలిసిన పాత ప్యాకేజీ కోసం వెతుకుతుంది. అక్కడ ఉన్నది వేరే. ఎర్రర్ వస్తుంది, ఆ ఉద్యోగి పని ఆగిపోతుంది. నేను వెళ్లేసరికి ఆమె కంగారుగా "నేనేం ముట్టుకోలేదండీ, మామూలుగానే ఓపెన్ చేశాను" అంటుంది. ఆమె చెప్పేది నిజమే. ఆ ఎర్రర్ ఆ రోజు పుట్టినది కాదు. సర్వర్‌లో ప్యాచ్ వేసి, క్లయింట్లను తర్వాత చూద్దామని వదిలేసిన రోజునే పుట్టింది.

దీనికి తిరగేసినదీ జరుగుతుంది. సర్వర్‌ను ఆపడానికి అనుమతి రాదు. అందుకని క్లయింట్లకు విడివిడిగా ప్యాచ్ వేస్తారు, సోర్స్ పాతదిగానే ఉంటుంది. ఆ తర్వాత కొత్తగా ఒక కంప్యూటర్ కొంటే దానిలో ఆ పాత సోర్స్ నుంచే ఇన్‌స్టాల్ అవుతుంది. అంటే ఆఫీసులోకి కొత్తగా వచ్చిన యంత్రం అన్నిటికన్నా పాత సాఫ్ట్‌వేర్‌తో, ఎప్పుడో మూసేశామనుకున్న లోపంతో పని మొదలుపెడుతుంది. కొత్త కంప్యూటర్ కదా అని దాన్ని ఎవరూ అనుమానించరు.

ఈ తంటా మైక్రోసాఫ్ట్‌కు కూడా తెలుసు. ఆఫీస్ 2003లోనే ఇన్‌స్టాలేషన్ ఫైళ్ల కాపీని క్లయింట్ డిస్క్ మీద దాచే ఏర్పాటు తెచ్చి, క్లయింట్లకు నేరుగా ప్యాచ్‌లు వేసే దారికి సంస్థలను మళ్లించడం మొదలుపెట్టింది. ఆఫీస్ 2007 వచ్చేసరికి పాత అడ్మినిస్ట్రేటివ్ ఇన్‌స్టాలేషన్‌ను పూర్తిగా తీసేసింది. దాని బదులు సర్వర్ ఫోల్డర్‌లో అప్‌డేట్స్ అనే ఒక సబ్ ఫోల్డర్ వచ్చింది. అందులో పెట్టిన ప్యాచ్‌లు మొదటిసారి ఇన్‌స్టాల్ చేసేటప్పుడే పడతాయి. ఇప్పటికే ఇన్‌స్టాల్ అయి ఉన్న కంప్యూటర్లకు వేరే దారి చూసుకోవాలి. ఫోల్డర్ పేరు చూసి, అందులో వేస్తే అందరికీ వెళ్లిపోతుందని నమ్మినవాళ్లను నేను చూశాను. ఇప్పటి ఆఫీస్ వాడే క్లిక్ టు రన్ అనే ఇన్‌స్టాలేషన్ పద్ధతిలో క్లయింట్లు తామే వచ్చి షేర్‌లో కొత్త వెర్షన్ ఉందేమో చూసుకుంటాయి. చాలా మేలు. కానీ అవి ఆన్‌లో ఉండాలి, నెట్‌వర్క్‌లో ఉండాలి, ఆ షేర్ చిరునామా మారకుండా ఉండాలి. సర్వర్ పేరు మార్చి క్లయింట్లకు చెప్పకపోతే అవి పాత చిరునామాలోనే వెతుకుతూ ఉంటాయి. సీట్లో ఉన్న మనిషికి అది కనిపించదు.

ప్రోగ్రామ్ సర్వర్ నుంచే నేరుగా నడిచే చోట ఇబ్బంది వేరు. ఎవరైనా దాన్ని తెరిచి ఉంచితే విండోస్ ఆ ఫైళ్లను మార్చనివ్వదు. పని వేళ అయిపోయాక చూసినా ఎవరో ఒకరు స్క్రీన్ లాక్ చేసి వెళ్లిపోయి ఉంటారు, లోపల ప్రోగ్రామ్ తెరిచే ఉంటుంది. సర్వర్‌లో షేర్డ్ ఫోల్డర్స్ కింద ఓపెన్ ఫైల్స్ జాబితా చూస్తే ఏ కంప్యూటర్ ఏ ఫైలు పట్టుకుని ఉందో కనిపిస్తుంది. బలవంతంగా మూసేయవచ్చు. కానీ ఆ మనిషి సేవ్ చేయని ఎంట్రీ ఒకటి అందులో ఉండి ఉంటే దానికి జవాబు ఎవరు చెప్పాలి? మూయకుండా కాపీ చేస్తే సగం ఫైళ్లు కొత్తవి, సగం పాతవి అవుతాయి. అంతకన్నా పాతదిగా వదిలేయడమే నయం. లైనక్స్ సర్వర్లలో ఇంకో రకం. నెట్‌వర్క్ షేర్ మీద నడుస్తున్న ప్రోగ్రామ్ ఫైలును అక్కడికక్కడే తిరగరాస్తే అడ్డు చెప్పేవాళ్లు ఉండరు. కానీ దాన్ని నడుపుతున్న క్లయింట్‌లో ప్రోగ్రామ్ ఉన్నట్టుండి కూలిపోవచ్చు.

అందుకే మేము ఉన్న ఫోల్డర్‌ను ముట్టుకోము. కొత్త వెర్షన్‌ను దాని పక్కన వేరే ఫోల్డర్‌లో పూర్తిగా పెట్టి, ఒక కంప్యూటర్ మీద నడిపి చూసి, ఆ తర్వాతే షార్ట్‌కట్‌ను గానీ లింకును గానీ కొత్త ఫోల్డర్‌కు తిప్పుతాం. అప్పటికే తెరిచి ఉన్నవాళ్లు పాతదాని మీదే పని ముగించుకుంటారు. మళ్లీ తెరిచినప్పుడు కొత్తది వస్తుంది. తేడా వస్తే లింకును వెనక్కి తిప్పడానికి నిమిషం చాలు. దీనికి డిస్క్ మీద కొంచెం ఎక్కువ చోటు తప్ప ఖర్చేమీ లేదు. అయినా చాలా చోట్ల చేయరు. ఎందుకు చేయరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అయితే వెనుక డేటాబేస్ ఉంటే పాత, కొత్త వెర్షన్లు పక్కపక్కన ఉండటం కుదరదు. నాకు నిజంగా టెన్షన్ పెట్టేది ఇదే. సర్వర్‌లోని డేటాబేస్‌ను కొత్త వెర్షన్‌కు మారిస్తే పట్టికల్లో కొత్త కాలమ్‌లు వస్తాయి, కొన్ని కాలమ్‌ల అర్థమే మారుతుంది. పాత క్లయింట్ ఒక్కటి మిగిలిపోయినా అది తనకు తెలిసిన పద్ధతిలో అందులో రాస్తుంది. ఎర్రర్ రాదు. నెలాఖరున లెక్కలు తేలకపోతే అప్పుడు వెతుకులాట మొదలవుతుంది. ఏ ఎంట్రీ ఏ వెర్షన్ నుంచి వచ్చిందో తేల్చడం ఎంత కష్టమో ఆ పని చేసిన అకౌంట్స్ వాళ్లను అడగండి. మంచి సాఫ్ట్‌వేర్ అయితే తెరిచిన వెంటనే డేటాబేస్ వెర్షన్‌ను చూసి, పొత్తు కుదరకపోతే లోపలికి రానివ్వదు. సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు రంగులు, రిపోర్టులు చూసే యాజమాన్యాలు ఈ ఒక్క ప్రశ్న కూడా అమ్మేవాళ్లను అడగాలి: పాత క్లయింట్ వస్తే మీ ప్రోగ్రామ్ ఏం చేస్తుంది?

ఒక సంఘటన చెప్తాను. మా దగ్గర ఒక ఉద్యోగిని చాలా నెలలు సెలవులో ఉండి వచ్చింది. ఆమె కంప్యూటర్ అన్నాళ్లూ ఆఫ్‌లోనే ఉంది. ఆమె లేనప్పుడు అందరి క్లయింట్లూ మారాయి. రిపోర్టులో ఎర్ర గుర్తులు లేవు, అంతా బాగుందని పై వాళ్లకు కాగితం కూడా వెళ్లింది. ఆమె వచ్చి స్విచ్ వేయగానే మిగిలినవాళ్లంతా దాటి వచ్చిన వెర్షన్‌తో ఒక యంత్రం నెట్‌వర్క్‌లోకి దిగింది. మా ప్రోగ్రామ్‌కు వెర్షన్ తనిఖీ ఉంది కాబట్టి ఆపేసింది. ఆమె ఆ పూటంతా పని లేకుండా కూర్చుంది. పై అధికారి మాత్రం "అంతా అయిందని రాశారుగా" అని అడిగారు. ఆయన అడగడంలో తప్పు లేదు. ఆఫీసు కంప్యూటర్లకు మైక్రోసాఫ్ట్ ప్యాచ్‌లు పంచి, ఎక్కడిదాకా చేరాయో చూపే విండోస్ సర్వర్ అప్‌డేట్ సర్వీసెస్ వాడేవాళ్లకు ఈ బాధ తెలుసు. అందులో ఫెయిల్డ్ (ప్యాచ్ పడలేదు), నీడెడ్ (ఇంకా వేయాలి) అన్న వరసలను అందరూ చూస్తారు. నో స్టేటస్ అని ఇంకో వరస ఉంటుంది. ఏ కబురూ చెప్పని కంప్యూటర్లు అందులో ఉంటాయి. ఆ వరసలో ఉన్న ప్రతి యంత్రాన్నీ వెతికి పట్టుకోవాలి: ఆఫ్‌లో ఉందా, రిపేర్‌కు పోయిందా, ఎవరి ఇంట్లోనైనా ఉందా, అసలు ఉందా. దానికి కంప్యూటర్ల జాబితా సరిగ్గా ఉండాలి. జాబితా రాయడం కంప్యూటర్ పని కాదని కొందరు అంటారు. నా దృష్టిలో మొదటి పని అదే.

జాబితా సరిగ్గా లేకపోతే ఏమవుతుందో ప్రపంచమంతా చూసింది. 2017 మార్చి 7న అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెద్ద లోపానికి ప్యాచ్ వచ్చింది. అమెరికాలో జనం అప్పుల చరిత్ర దాచే ఈక్విఫాక్స్ అనే సంస్థలో 48 గంటల్లోగా ప్యాచ్ వేయాలని లోపల మెయిల్ కూడా వెళ్లింది. తర్వాత స్కాన్ చేశారు. లోపం ఉన్న సిస్టమ్ ఆ స్కాన్‌లో బయటపడలేదు. మే నెలలో దొంగలు ఆ దారినే లోపలికి వచ్చారు. దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. ఆదేశం ఇచ్చారు, గడువు పెట్టారు, చేరిందో లేదో మాత్రం తేలలేదు.

అదే ఏడాది కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన వానాక్రై గురించి మీ పత్రికలో చాలా రాశారు. దానిలో మాలాంటివాళ్లకు సూటిగా తగిలే సంగతి ఒకటుంది. ఆ పురుగు (ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి తనంతట తాను పాకే ప్రోగ్రామ్) పాకింది విండోస్‌లో ఫైళ్లను పంచుకునే ఎస్‌ఎంబీ అనే ఏర్పాటులోని పాత వెర్షన్ ద్వారా. సర్వర్‌లోని షేర్ ఫోల్డర్‌ను క్లయింట్లు తెరిచేదీ ఎస్‌ఎంబీ ద్వారానే. మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి ప్యాచ్‌ను 2017 మార్చి 14న ఇచ్చింది. దాడి మే 12న మొదలైంది. మధ్యలో దాదాపు రెండు నెలలు. దాదాపు 150 దేశాల్లో దెబ్బతిన్న కంప్యూటర్లలో ఎన్నో చోట్ల ప్యాచ్ అందుబాటులో ఉండి కూడా వేయలేదు. ఇంగ్లండ్‌లో ఆసుపత్రులు అపాయింట్‌మెంట్లు, ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. నెట్‌వర్క్‌లో ఒక్క క్లయింట్ వెనకబడినా పురుగుకు అది తలుపే. మిగిలినవన్నీ ప్యాచ్ అయి ఉన్నా, ఆ ఒక్క క్లయింట్‌కు షేర్ ఫోల్డర్‌లో రాసే హక్కు ఉంటే అందరూ నడిపే ప్రోగ్రామ్ ఫైలునే అది మార్చేయగలదు. అందుకే ఆ ఫోల్డర్‌లో మామూలు వాడకందార్లకు చదివే హక్కు తప్ప ఏదీ ఇవ్వకూడదని నేను ప్రతి చోటా పోట్లాడతాను. ఇబ్బందిగా ఉందని ఎవరో అడిగితే "ఫుల్ కంట్రోల్" ఇచ్చేసి మర్చిపోయిన షేర్లు ఇంకా ఎన్నో ఆఫీసుల్లో ఉన్నాయి.

ఇక్కడ పై అధికారులు ఒక ఎదురు ప్రశ్న వేస్తారు. అప్‌డేట్ వేసే కదా ప్రపంచం ఆగిపోయింది అని 2024 జూలై 19ని గుర్తు చేస్తారు. న్యాయమైన ప్రశ్నే. ఆ రోజు క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక చిన్న ఫైలు వల్ల మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయాయి. అంతర్జాతీయ సమయం ప్రకారం తెల్లవారుజామున 4:09కి ఆ ఫైలు వెళ్లింది, 5:27కి వెనక్కి తీసుకున్నారు. ఆ కొద్ది సేపట్లోనే విమానాలు, ఆసుపత్రులు, బ్యాంకులు చిక్కుల్లో పడ్డాయి. ఫైలును వెనక్కి తీసుకున్నా ఆగిపోయిన యంత్రాలు తమంతట తాము లేవలేదు. చాలావాటి దగ్గరికి మనిషి వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలును చేత్తో తీసేయాల్సి వచ్చింది. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే, అంటే రహస్య లిపిలో తాళం పడి ఉంటే, దాన్ని తెరిచే రికవరీ కీ కూడా కావాలి. ఆ కీలు దాచిన సర్వరే పడిపోయి ఉంటే ఏం చేస్తారు? అప్పటి నుంచి మా కీల జాబితా ఒకటి నెట్‌వర్క్‌కు బయట, తాళం ఉన్న బీరువాలో ఉంటుంది.

అంతకు ముందూ ఉన్నాయి. 2010 ఏప్రిల్‌లో మెకాఫీ యాంటీవైరస్ అప్‌డేట్ ఒకటి విండోస్ ఎక్స్‌పీలోని అవసరమైన ఫైలునే వైరస్ అనుకుని తీసేసింది. 2017 జూన్ 27న యుక్రెయిన్‌లో పన్నుల లెక్కలకు వాడే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ దారిలోనే నాట్‌పెట్యా పురుగు వచ్చింది. మేర్స్క్ ఓడల కంపెనీ పది రోజుల్లో 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవాల్సి వచ్చిందని దాని చైర్మన్ తర్వాత చెప్పారు.

ఇవన్నీ చూపించి అసలు వేయకుండా ఆగుదామంటే వానాక్రై దగ్గరికే తిరిగి వెళ్తాం. ముందు ఒకటి రెండు కంప్యూటర్ల మీద, తర్వాత ఒక విభాగంలో, ఆ తర్వాత అందరికీ వేయడం ఎప్పటి నుంచో తెలిసిన పద్ధతే. మైక్రోసాఫ్ట్ 2003 అక్టోబర్ నుంచి నెలలో రెండో మంగళవారం ప్యాచ్‌లు ఇస్తోంది. అంటే ఎప్పుడు పని పడుతుందో ఏడాది ముందే క్యాలెండర్‌లో రాసుకోవచ్చు. అయినా ప్రతి నెలా అదేదో అనుకోని ఉపద్రవం వచ్చినట్టు అనుమతి కోసం తిరగాల్సి వస్తోంది. పరీక్షించే కంప్యూటర్ విషయంలో ఇంకో మాట. స్టోర్ రూములో మూలన పడున్న పాత యంత్రం మీద పరీక్షిస్తే లాభం లేదు. అకౌంట్స్‌లో వాడే ప్రింటర్, స్కానర్, డిజిటల్ సంతకానికి వాడే టోకెన్ అన్నీ తగిలించి, ఆ పని రోజూ చేసే మనిషిని కూర్చోబెట్టి నడిపించాలి. ఏ బటన్ ఏ మూల నొక్కుతారో నాకన్నా ఆమెకే బాగా తెలుసు. ఆమె సమయం కూడా యాజమాన్యమే ఇవ్వాలి.

మరి మాకు దొరికే సమయం ఎప్పుడు? పని వేళల్లో సర్వర్‌ను ముట్టుకోవద్దంటారు. పని వేళ దాటాక ఆఫీసు తాళం వేస్తారు, క్లయింట్లు ఆఫ్ అయిపోతాయి. ఆఫ్‌లో ఉన్న క్లయింట్‌కు ఏ ప్యాచ్ వేయగలం? రాత్రి ఆన్‌లో ఉంచమని నోటీసు పెడితే కరెంటు దండగ అని ఇంకో విభాగం నుంచి నోటీసు వస్తుంది. సెలవు రోజున వచ్చి చేసినవాళ్లకు దాని బదులు సెలవు ఇచ్చిన చోట్లు నేను ఎక్కువ చూడలేదు. ఈ పరిస్థితిలో పని చేసే మనిషి సర్వర్ వరకు చేసి, క్లయింట్లను తర్వాత చూద్దామని వదిలేస్తే ఆ మనిషిని ఒక్కడినే తప్పుపట్టలేం. నెలకు ఒక పూట, ముందే ప్రకటించి, అందరూ లాగౌట్ అయ్యే పూట కావాలి. వెనక్కి తీసుకోవడానికి పట్టే సమయం కూడా అందులో కలిసి ఉండాలి. చివరి అరగంటలో తేడా వస్తే బ్యాకప్ నుంచి తిరిగి ఎక్కించడానికి అరగంట చాలదు. బ్యాకప్ ఉందని రాసుకోవడం కాదు, దాని నుంచి ఒకసారి తిరిగి ఎక్కించి చూసి ఉండాలి.

సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లదీ ఇందులో భాగం ఉంది. "విండోస్ అప్‌డేట్ చేయకండి, చేస్తే మా ప్రోగ్రామ్ నడవదు" అని ఫోన్‌లో చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. కాగితం మీద రాసి ఇవ్వమంటే ఇవ్వరు. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14న మామూలు సపోర్ట్ ఆగిపోయింది. ఈ తేదీలు ఏళ్ల ముందే ప్రకటించినవి. ఏటా మెయింటెనెన్స్ సొమ్ము తీసుకునే వ్యాపారి ఆ తేదీలోగా తన ప్రోగ్రామ్‌ను సిద్ధం చేయాలన్న షరతు ఒప్పందంలోనే ఉండాలి. ఆ షరతు రాయించగలిగింది సంతకం పెట్టే పై అధికారి. నేను రాయించలేను.

తోటి ఉద్యోగులతో కూడా ఒక మాట. రీస్టార్ట్ చేయమని మేము అడిగేది మిమ్మల్ని విసిగించడానికి కాదు. చాలా ప్యాచ్‌లు వాడకంలో ఉన్న ఫైళ్లను అప్పటికప్పుడు మార్చలేవు. మళ్లీ మొదలయ్యేటప్పుడు మార్చుకుంటాయి. ఇన్‌స్టాలర్ మాకు 3010 అనే సంఖ్య ఇస్తుంది. పని అయింది, కానీ రీస్టార్ట్ చేస్తేనే పూర్తవుతుంది అని దాని అర్థం. అప్పటిదాకా మెమరీలో నడిచేది పాత ఫైలే. రోజూ సాయంత్రం షట్‌డౌన్ చేస్తున్నాం కదా అంటారు చాలామంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. అది ఆన్‌లో ఉంటే మామూలు షట్‌డౌన్‌లో విండోస్ లోపలి భాగం పూర్తిగా ఆగకుండా డిస్క్ మీద దాచుకుని, పొద్దున్న అక్కడి నుంచే లేస్తుంది. రీస్టార్ట్ నొక్కితేనే మొత్తం కొత్తగా మొదలవుతుంది. దయచేసి రీస్టార్ట్ నొక్కండి. సెలవు మీద వెళ్తుంటే మాకు ఒక మాట చెప్పి వెళ్లండి, తిరిగి వచ్చిన రోజు పని మొదలుపెట్టే ముందు ఇంకో మాట చెప్పండి.

ఇక పత్రికకు నా విన్నపం. ఇంకోసారి జాగ్రత్తల బాక్సు వేసేటప్పుడు సంస్థలు నడిపేవాళ్లను ఉద్దేశించి నాలుగు వాక్యాలు విడిగా వేయండి. మీ నెట్‌వర్క్‌లో కంప్యూటర్లు ఎన్నో జాబితా ఉందా, పోయిన నెల ప్యాచ్ వాటిలో ఎన్నిటికి చేరింది, చేరనివాటి సంగతి ఎవరు చూస్తున్నారు, ఆ మనిషికి నెలలో ఏ పూట ఇచ్చారు అని అడగండి. ఏదైనా సంస్థ మీద దాడి జరిగినప్పుడు మీ విలేకరులు కూడా ఇవే అడగాలి. "మా సర్వర్లన్నీ అప్‌డేట్ అయ్యాయి" అని ప్రతినిధి చెప్పగానే రాసుకుని వచ్చేయకుండా, క్లయింట్ల సంగతేమిటని ఇంకో ప్రశ్న వేయాలి. ఆ ప్రశ్న పేపర్లో కనిపిస్తే మరుసటి రోజు పొద్దున్నే ఎందరో పై అధికారులు తమ సిస్టమ్స్ చూసే మనిషిని పిలిచి అదే అడుగుతారు. మేము ఏళ్లుగా అడుగుతున్న ఆ ఒక్క పూట గురించి మాట్లాడటానికి మాకు అప్పుడైనా అవకాశం దొరుకుతుంది.

ఇట్లు,
ఒక సంస్థలో సిస్టమ్స్ చూసుకునే ఉద్యోగిని